ఓడలోనే కూర్చుంటాం, దిగం... అయినా వీసా కావాలా?

రాజమండ్రి నుంచి వెళ్లి సియాటిల్ దగ్గర కొడుకింట్లో ఉంటున్న ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది, మధ్యలో రెండుచోట్ల ఏడుపు కూడా ఉంది. విషయం వరకూ నా మాటల్లో చెబుతాను.

ఆవిడా, భర్తా మార్చిలో విజిటర్ వీసా మీద అమెరికా వెళ్లారు. జూలైలో ఆయనకు డెబ్బై నిండుతాయి. గుళ్లో భీమరథ శాంతి చేయించి, ఆ తర్వాత అందరం కలిసి వెళ్దామని కొడుకు జూలై నెలాఖరుకు అలాస్కా క్రూజ్ బుక్ చేశాడు. సియాటిల్‌లో ఎక్కడం, వారం తిరిగి మళ్లీ సియాటిల్‌లోనే దిగడం. వియ్యంకుడు, వియ్యపురాలు కూడా వస్తున్నారు. డబ్బంతా కట్టేశారు. ఈలోగా గుళ్లో పరిచయమైన ఒకావిడ, "మీ ఓడ చివరి రోజు సాయంత్రం విక్టోరియాలో ఆగుతుంది కదా, అది కెనడా. మీకు కెనడా వీసా ఉందా?" అని అడిగారు. ఇంటికొచ్చి చూస్తే నిజమే, నాలుగు గంటలు ఆగుతుంది. కొడుక్కీ కోడలికీ ఆ వీసా ఉంది, రెండేళ్ల కిందట వాంకూవర్ చూడ్డానికి తీసుకున్నారు. వియ్యాలవారికి గ్రీన్ కార్డు ఉంది కాబట్టి అక్కర్లేదట. మనవరాలు అక్కడే పుట్టింది. మిగిలింది వీళ్లిద్దరే.

"దిగితే కదా వీసా! పాపికొండల లాంచీ పేరంటాలపల్లిలో ఆగితే అందరూ దిగుతారా? మనం లోపలే కూర్చుందాం" అని ఆయన వాదన. ఆ వాదన వెనక ఇంకో సంగతి ఉంది. 2019లో ఆయన తమ్ముడి కూతురి పెళ్లికి టొరంటో వెళ్దామని ఒక ఏజెంటు ద్వారా ఇద్దరూ అప్లై చేశారు. ఇద్దరికీ రిజెక్ట్ అయింది. బంధువులతో, చివరికి కొడుకుతో కూడా, "మోకాళ్ల నొప్పులు, అంత ప్రయాణం వద్దన్నాడు డాక్టరు" అని చెప్పారు. ఇప్పుడు అప్లై చేస్తే ఫారంలో ఆ ప్రశ్న వస్తుంది, ఫారం నింపేది కొడుకు. "నో అని పెట్టేస్తే సరి, ఎప్పటి మాట అది" అంటున్నారాయన. నిజం రాస్తే అమెరికా వీసా కూడా పోతుందని ఆయన భయం, వియ్యంకుడి ముందు చిన్నతనమని బాధ. ఆవిడకు ఇంకో భయం కూడా ఉంది: కొడుకు హెచ్‌1బి ఉద్యోగ వీసా స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వేసే వీసా) గడువు దాటిపోయింది, కెనడాలో అడుగుపెడితే వాడు మళ్లీ అమెరికాలోకి రాగలడా? "ఆయన్ని కాదనలేను, కొడుకు దగ్గర దాచలేను. రెండు వారాల నుంచి నిద్ర లేదు. ఏం చేయమంటారు?" అని అడిగారు.

నా సమాధానం:

ముందు మీ అబ్బాయి సంగతి చెప్పేస్తాను, ఆ ఒక్క భయమైనా ఈ రాత్రికి తగ్గుతుంది. స్టాంపింగ్ గడువు దాటినా, చేతిలో చెల్లుబాటయ్యే ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఎంట్రీ కాగితం) ఉండి, స్టేటస్ సక్రమంగా ఉన్నవాళ్లు కెనడాకో మెక్సికోకో 30 రోజుల లోపు వెళ్లి తిరిగి రావచ్చు. దీన్ని ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. అక్కడ ఉండగా కొత్త స్టాంపింగ్‌కి అప్లై చేయకూడదు, అంతే. అతను నాలుగు గంటల కోసం వెళ్తున్నాడు. ఐ-797 (హెచ్‌1బి మంజూరు పత్రం), ఐ-94 కాగితాల ప్రింట్లు చేతి సంచీలో పెట్టుకోమనండి, ఎందుకంటే ఓడ కౌంటర్లో కూర్చున్న అమ్మాయికి ఈ రూల్ తెలిసి ఉంటుందన్న నమ్మకం లేదు. కోడలి స్టాంపింగ్ కూడా అయిపోయి ఉంటే ఆవిడ కాగితాలు ఆవిడ దగ్గర. అతను "నాకేం పర్లేదమ్మా" అన్నాడని రాశారు, అది మిమ్మల్ని ఊరడించడానికి కాదు, కనుక్కునే అన్నాడు.

ఇక మీవారి లాంచీ వాదన. చదివి నవ్వుకున్నాను, కానీ ఆయన్ని తప్పు పట్టలేను. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. పేరంటాలపల్లి మన గోదావరి మీదే ఉంది, విక్టోరియా ఇంకో దేశంలో ఉంది, తేడా అంతా అక్కడే. ఓడ విక్టోరియా రేవులో ఆగితే అందులో ఉన్న ప్రతి ఒక్కరూ, గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్లు కూడా, కెనడాకు వచ్చినట్టే లెక్క. ప్రయాణికుల జాబితా ముందుగానే కెనడా బోర్డర్ అధికారులకు వెళ్తుంది. అందుకే ఓడ కంపెనీలు ఈ తనిఖీ విక్టోరియాలో కాదు, సియాటిల్లో ఎక్కేటప్పుడే చేస్తాయి. పాస్‌పోర్టు చూస్తారు, ఇండియా అని కనపడగానే కెనడా వీసా గానీ గ్రీన్ కార్డు గానీ అడుగుతారు. రెండూ లేకపోతే ఎక్కనివ్వరు. అలా ఆపేస్తే కట్టిన డబ్బు తిరిగి రావడం దాదాపు ఉండదు, కాగితాలు లేక ఆగిపోతే ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా సాధారణంగా ఇవ్వదు. దిగం అని రాసిచ్చినా పని జరగదు.

అసలు అలాస్కా కూడా అమెరికాయే కదా, మధ్యలో ఈ కెనడా ఎందుకు అని మీకు అనిపించి ఉంటుంది. 1886లో అమెరికా ఒక చట్టం చేసింది. విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, వేరే దేశం రేవు దేన్నీ తాకకుండా, అమెరికా రేవుల మధ్యే తిప్పడానికి వీల్లేదు. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా, బెర్ముడా లాంటి దేశాల్లో రిజిస్టర్ అయి ఉంటాయి. అందుకని అలాస్కాలో జూనో, స్కాగ్వే, కెచికాన్ అన్నీ చూపించి, ఇంటికొచ్చే ముందు విక్టోరియాలో కాసేపు ఆపుతారు. మీకు ఆ ఊరు చూపించాలన్న సరదా కన్నా చట్టం అవసరమే ఎక్కువ. కోవిడ్ సమయంలో కెనడా తన రేవులు మూసేస్తే, 2021లో అమెరికా పార్లమెంటు ప్రత్యేకంగా ఇంకో చట్టం చేస్తే గానీ అలాస్కా ఓడలు కదల్లేదు. మీ ఇంట్లో గొడవ పెట్టిన నాలుగు గంటలకు ఇంత చరిత్ర ఉంది!

కాబట్టి "వాళ్లకి అక్కర్లేదట, మనకి కావాలట" అని మీవారు నొచ్చుకోవడంలో అర్థం లేదు. మీ వియ్యంకుడికీ ఇండియా పాస్‌పోర్టే. అమెరికా గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు పాస్‌పోర్టు, కార్డు రెండూ చూపిస్తే కెనడా వీసా అడగదు. ఆయన గ్రీన్ కార్డు ఇంట్లో మరిచిపోయి వస్తే ఆయన్నీ ఆపేస్తారు. ఇందులో పెద్దవాళ్లు చిన్నవాళ్లు లేరు, ఎవరి దగ్గర ఏ కార్డు ఉందన్నదే.

ఇప్పుడు అసలు ముడి దగ్గరకు వద్దాం.

ఫారంలో ఆ ప్రశ్న చాలా సూటిగా ఉంటుంది: కెనడాకు గానీ మరే దేశానికి గానీ మీకు ఎప్పుడైనా వీసా నిరాకరించారా? ఔను, కాదు. 'ఔను' అంటే వివరం రాయాలి. మీవారు 'కాదు' పెడదామంటున్నది ఎవరితో? 2019లో నిరాకరించిన ఆ కెనడా వాళ్లతోనే. వాళ్లు తీసుకున్న నిర్ణయం వాళ్ల కంప్యూటర్లో మీ పేరు, పుట్టిన తేదీలతో భద్రంగా ఉంటుంది. పాస్‌పోర్టు మారినా అది మారదు.

దొరికితే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. కెనడా వలస చట్టంలో 40వ సెక్షన్ ప్రకారం అబద్ధం చెప్పారని తేలితే ఐదేళ్లు ఆ దేశంలోకి రానివ్వరు. నిరాకరణ వేరు, ఇది వేరు. నిరాకరించినవాళ్లు మర్నాడే మళ్లీ అప్లై చేసుకోవచ్చు, అదేం నేరం కాదు, చాలామందికి రెండోసారి వచ్చింది. అబద్ధం మీద పడే ముద్ర అలా కాదు. ఇంకా ఒక సంగతి: కెనడా, అమెరికా ఈ వీసా సమాచారం ఒకరితో ఒకరు పంచుకుంటాయి. కెనడా నిరాకరించిందని అమెరికా వీసా రద్దు కాదు. మీవారు ఆ భయం వదిలేయొచ్చు. కానీ మోసం చేశారన్న మాట ఒక దగ్గర నమోదైతే అది ఎంత దూరం వెళ్తుందో చెప్పలేం, ఏటా మనవరాలిని చూడ్డానికి వెళ్లాలనుకునేవాళ్లకు ఆ తద్దినం ఎందుకు? ఆయన దేన్ని కాపాడదామని అబద్ధం చెబుతున్నారో దానికే ముప్పు తెస్తున్నారు. ఈ మాట ఆయనకు చెప్పడానికి మీరే తగినవారు, కోడలూ కాదు, గుళ్లో ఆవిడా కాదు.

ఇంకో విషయం మీరు గమనించారో లేదో. 2019లో రిజెక్ట్ అయింది ఇద్దరికీ. అంటే రెండు ఫారాలు, రెండు సంతకాలు. మీ ఫారంలో మీరేం చెబుతారన్నది మీవారు తేల్చేది కాదు. ఆయన 'కాదు' అని, మీరు 'ఔను' అని పెడితే ఒకే ఇంటి నుంచి వెళ్లిన రెండు కాగితాలు ఒకదానికొకటి ఎదురు నిలబడతాయి. కాబట్టి "ఆయన్ని కాదనలేను" అన్న మాట ఇక్కడ పనికిరాదు. నా సంతకం కింద నేను అబద్ధం రాయలేనండీ, అనండి. ఆయన్ని తప్పు పట్టినట్టూ ఉండదు, ఆయనకు ఒప్పుకోవడానికి ఒక వంకా దొరుకుతుంది: "మీ అమ్మ ఒప్పుకోవట్లేదురా" అని కొడుకుతో అనొచ్చు. మగవాళ్లకు ఇలాంటి వంకలు కావాలి, ఇస్తే పోయేదేముంది.

కొడుకుతో ఎవరు చెప్పాలి? ఆయనే చెబితే అన్నిటికన్నా మంచిది, రెండు నిమిషాల మాట. మీరు ముందే చెప్పేస్తే పని తొందరగా అవుతుంది, కానీ ఆయన చాలాకాలం దెప్పుతారు. అది మీకు తెలిసిన మనిషి, మీరే అంచనా వేసుకోండి. మూడో దారి, కొడుకు చేత కాకుండా ఎవరో కన్సల్టెంటు చేత నింపించడం. పరువు మిగులుతుంది, కానీ డబ్బు పోతుంది, పైగా మీ ఖర్చుకు సంబంధించిన కాగితాలు, ఆహ్వాన పత్రం ఇవ్వాల్సింది మీ అబ్బాయే కాబట్టి ఎలాగూ కొంత తెలుస్తుంది. ఆ దారిలో వెళ్తే కెనడా లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గరకే వెళ్లండి. "పాత రిజెక్షన్ రాయక్కర్లేదండీ" అనే మనిషి కనపడితే కుర్చీలోంచి లేచి వచ్చేయండి. ఇక వియ్యాలవారికి ఇదంతా తెలియాల్సిన అవసరం ఏ దారిలోనూ లేదు. మీ కెనడా ఫారం వాళ్లకెవరు చూపిస్తారు? ఆయన ఇన్నాళ్లూ మోసింది కొడుకు ముందు చిన్నబోతానన్న బరువు, వియ్యంకుడి పేరు పైకి చెబుతున్నారంతే అని నాకు అనిపిస్తోంది. తప్పయితే క్షమించండి.

సరే, నిజం రాసే అప్లై చేశారనుకుందాం. పని ఎలా జరుగుతుందంటే, అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే. మీరు అమెరికాలో ఉన్నారు కాబట్టి అక్కడి నుంచే పెట్టొచ్చు, ఇండియా రానక్కర్లేదు. ఫీజు ఒక్కొక్కరికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు 85. కుటుంబంగా కలిపి పెడితే వేలిముద్రల ఫీజు 170కి మించదు. వేలిముద్రలు 14 నుంచి 79 ఏళ్ల వాళ్లంతా ఇవ్వాలి కాబట్టి మీవారి డెబ్బై అడ్డం కాదు. అమెరికా ఇమ్మిగ్రేషన్ వాళ్ల అప్లికేషన్ సపోర్ట్ సెంటర్లలోనే తీసుకుంటారు. ఒప్పుకున్నాక పాస్‌పోర్టు వీఎఫ్ఎస్ (కెనడా తరఫున వీసా పనులు చూసే సంస్థ) వాళ్లకు పంపితే వీసా అతికించి తిప్పి పంపుతారు. పాస్‌పోర్టు అలా పోస్టులో తిరిగే రోజులు కూడా లెక్క వేసుకోండి.

పాత రిజెక్షన్ ఉన్నవాళ్లు ముఖ్యంగా చేయాల్సింది, అప్పుడు ఎందుకు నిరాకరించారో చూడటం. ఆ ఉత్తరంలో కారణాలు ఉంటాయి: తిరిగి వెళ్తారన్న నమ్మకం లేదనో, ప్రయాణం ఎందుకో స్పష్టంగా లేదనో, డబ్బు చాలదనో. ఇప్పుడు పరిస్థితి మారింది. మీకు అమెరికా వీసా ఉంది, మొన్నటి ప్రయాణం రెండోదని రాశారు, మొదటిసారి గడువులోగా తిరిగి వెళ్లారు. పెన్షన్ కాగితాలు, రాజమండ్రి ఇంటి పన్ను రసీదు, తిరుగు టికెట్, క్రూజ్ బుకింగ్‌లో విక్టోరియాలో ఎన్నింటికి ఆగి ఎన్నింటికి కదులుతుందో ఉన్న పేజీ అన్నీ పెట్టి, "2019లో నిరాకరించారు, కారణం ఇది, ఇప్పుడు మారింది ఇది" అని అరపేజీ వివరణ రాయండి. అరపేజీ చాలు. కన్నీళ్ల కథ వద్దు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు: అప్పట్లో ఏజెంటు ఏం నింపాడో మీకు తెలుసా? జీతం పెంచి రాశాడా, ఉద్యోగం పేరు మార్చాడా? ఆ కాపీ తెప్పించుకుని చదవకుండా కొత్తది పెట్టొద్దు. రెండింటికీ పొంతన లేకపోతే తప్పు ఏజెంటుదైనా జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

వస్తుందా రాదా అంటే చెప్పలేను. వస్తే గొడవే లేదు, అందరితో పాటు విక్టోరియాలో దిగి నాలుగడుగులు వేసి రండి. ఒక్క అపోహ మాత్రం పెట్టుకోకండి: కెనడా వెళ్లొచ్చాం కాబట్టి అమెరికాలో ఆరు నెలలు మళ్లీ కొత్తగా మొదలవుతాయని గుళ్లో ఎవరో ఒకరు చెబుతారు. అలా అనుకుని టికెట్ వెనక్కి జరపొద్దు. మీ సెప్టెంబరు గడువు సెప్టెంబరే.

రాకపోతే, లేదా టైముకు రాకపోతే? అందుకే ఈ రోజే అబ్బాయి చేత బుకింగ్ కాగితం తెరిపించి, ఏ తేదీ లోపు రద్దు చేస్తే ఎంత కోత పడుతుందో చూడమనండి. ఓడ బయల్దేరే రోజు దగ్గరయ్యేకొద్దీ కోత పెరుగుతుంది. మధ్యలో ఒక తేదీ గీత గీసుకోండి. ఆ రోజుకి వీసా చేతికి రాకపోతే వేరే ఏర్పాటు. మీ ఇద్దరి టికెట్లు మాత్రం రద్దు చేసుకుని మిగతా వాళ్లని పంపడం ఒకటి. డబ్బు దృష్టితో అదే తేలిక, కానీ డెబ్బయ్యో ఏటి పండగ ఎవరిదో ఆయనే ఇంట్లో కూర్చుంటే, మీ అబ్బాయి ఓడ మీద ఏం తిన్నా గొంతు దిగదు. దీన్ని ఆఖరున పెట్టుకోండి.

అందరూ కలిసే వెళ్లాలంటే ఓడనే మార్చొచ్చు. అలాస్కాకే ఇంకో పెద్ద క్రూజ్ వెతికి లాభం లేదు, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వెళ్లేవీ కెనడాలో ఎక్కడో ఒకచోట ఆగేవే, వాంకూవర్ నుంచి వెళ్లేవి సరేసరి. లాస్‌ఏంజెలెస్ నుంచి మెక్సికో వెళ్లే ఓడల మాట ఎవరైనా ఎత్తితే ఆ దారీ ఉంది: అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికో వీసా అడగదు, కాబట్టి మీ ఇద్దరికీ దారి సాఫీ. స్టాంపింగ్ గడువు దాటిన మీ అబ్బాయికి చెల్లుబాటయ్యే కెనడా వీసా ఉంటే, అది చూపించినా మెక్సికో వీసా అడగదు. హవాయి దీవుల చుట్టూ తిరిగే 'ప్రైడ్ ఆఫ్ అమెరికా' అనే ఓడ ఉంది, దానికి అమెరికా జెండాయే. హోనొలులులో ఎక్కి హోనొలులులో దిగుతారు, వేరే దేశం తగలదు. కాకపోతే సియాటిల్ నుంచి అక్కడికి ఆరుగంటల విమానం, ఏడుగురి టికెట్లు.

నాకైతే ఇంకోటి నచ్చుతుంది. మంచుకొండలు చూడాలన్నదే మీవారి కోరికైతే, ఓడతో పనిలేకుండా సియాటిల్ నుంచి జూనోకో యాంకరేజ్‌కో విమానంలో వెళ్లొచ్చు, అది దేశంలోపలి ప్రయాణమే. జూనోలో మెండెన్‌హాల్ హిమానీనదం దాకా బస్సు వెళ్తుంది. యాంకరేజ్ నుంచి సీవార్డ్‌కి రైలుంది, ఆ దారి చూసి వచ్చినవాళ్లు ఓడ కన్నా రైలు గురించే ఎక్కువ చెబుతారు. సీవార్డ్‌లో పొద్దున్న ఎక్కి సాయంత్రానికి దింపే పడవల్లో తిమింగలాలు, సముద్రంలోకి విరిగిపడే మంచు చూడొచ్చు. నీళ్ల మీదే వెళ్లాలంటే అలాస్కా ప్రభుత్వం నడిపే ఫెర్రీ ఉంది, సియాటిల్‌కి ఉత్తరాన బెల్లింగ్‌హామ్‌లో ఎక్కితే సుమారు 38 గంటల్లో కెచికాన్‌లో దింపుతుంది, మధ్యలో కెనడాలో ఆగదు. కుర్రాళ్లు డెక్ మీదే టెంట్లు కట్టుకుని పడుకుంటారు. మీ మోకాళ్లకు అది కుదరదు, కేబిన్లు తక్కువ, జూలైకి ఇప్పుడే అడగాలి. ఇందులో షోలు, స్విమ్మింగ్ పూల్, ఎనిమిది రకాల ఐస్‌క్రీములు ఉండవు కాబట్టి మనవరాలు కాస్త మొహం ముడుచుకుంటుంది.

వీటన్నిటికీ ముందు కావాల్సింది ఆ 2019 నాటి ఉత్తరం. అది రాజమండ్రి ఇంట్లో బీరువాలో, పట్టుచీరల కింద ఉందని మీరే రాశారు, తాళాలు మీ చెల్లెలి దగ్గర ఉన్నాయని కూడా. ఆవిడకు ఫోన్ చేసి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. "ఇదేంటక్కా, మోకాళ్ల నొప్పులన్నారుగా" అని అడుగుతుంది. అడగనివ్వండి.